స్టాల్ ముందు మూడు నిమిషాలు: జాబ్ ఫెయిర్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం మా క్యాంపస్‌లో జాబ్ ఫెయిర్ ఉంది. రెండు కాలమ్‌ల టెంప్లేటులో రెజ్యూమె చేసుకున్నాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఒక కంపెనీ సైట్లో అప్‌లోడ్ చేస్తే పేరు ఉండాల్సిన గడిలో ఫోన్ నంబరు, చదువు గడిలో ప్రాజెక్టు పేరు పడుతున్నాయి. ఎందుకిలా?

జవాబు: మీ కంటికి కనబడేది పేజీ. ఆ సైట్లోని ప్రోగ్రాం చదివేది పీడీఎఫ్ లోపలున్న అక్షరాల వరుస. రెండు కాలమ్‌లు ఉంటే కొన్ని ప్రోగ్రాములు ఎడమది పూర్తిచేసి కుడికి వెళ్ళవు, అడ్డంగా ఒక్కో లైనూ చదువుకుంటూ పోతాయి. దాంతో అంతా కలగాపులగం. పేరు, ఫోను పేజీ హెడర్‌లో పెడితే వాటిని అసలు చదవనివీ ఉన్నాయి.

పరీక్ష తేలిక. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరుస తప్పితే సైట్లోనూ తప్పే అవకాశం ఎక్కువ. ఒకే కాలమ్, ఒకే పేజీ, 10 లేదా 11 పాయింట్ల అక్షరం చాలు. ‘పైథాన్: ఐదు చుక్కల్లో నాలుగు’ లాంటి బొమ్మలు తీసేయండి. అవి యంత్రానికి అర్థం కావు, నిజానికి మనిషికీ కావు.

ప్రింట్లు 15 నుంచి 20 తీసుకోండి, ఒకవైపే. స్టాల్లో ఉన్నవాళ్ళు మీతో మాట్లాడుతూ ఆ కాగితం మీదే ఏదో రాసుకుంటారు. ల్యామినేషన్ చేయిస్తే దాని మీద పెన్ను పడదు!

ప్రశ్న: స్టాల్ దగ్గరికెళ్ళి ‘మీ కంపెనీ ఏం చేస్తుందండీ’ అని అడిగితే ముఖం చిట్లించారు. మరి ఏం మాట్లాడాలి?

జవాబు: ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ సైట్లోనే ఉంటుంది, అందుకే ఆ చిట్లింపు. వచ్చే కంపెనీల జాబితా ముందే తీసుకుని ఐదారింటిని ఎంచుకోండి. ఒక్కోదానికీ పది నిమిషాలు కేటాయించి, వాళ్ళ ప్రోడక్ట్ ఏమిటో, కొత్తవాళ్ళకు ఏ ఉద్యోగాలు చూపిస్తున్నారో చదివి పెట్టుకోండి. మీకు అంతగా పట్టింపు లేని స్టాల్‌తో మొదలుపెడితే నోరు తిరుగుతుంది. బాగా కావాలనుకున్నదాన్ని రెండో స్టాల్‌గానో మూడోదిగానో చూడండి. చివరి గంటకు మాత్రం మిగల్చొద్దు, అప్పటికి కొందరు సర్దేసుకుంటుంటారు.

మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. మొదటి అర నిమిషం ఇలా ఉంటే చాలు: ‘నమస్తే అండీ. కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం. బ్యాకెండ్ పని మీద ఆసక్తి. లైబ్రరీ పుస్తకాలు వెతికే సర్వీసు ఒకటి రాశాను. 2 లక్షల రికార్డుల మీద ఒక్కో సెర్చికి 900 మిల్లీసెకన్లు పట్టేది, ఇండెక్స్ పెట్టాక 40కి దిగింది. మీ టీంలో కొత్తవాళ్ళకు మొదటి మూడు నెలలు ఏ పని ఇస్తారు?’

(బ్యాకెండ్ అంటే తెర వెనక నడిచే సర్వరు, డేటాబేస్ పని. ఇండెక్స్ అంటే పుస్తకం చివరి పదసూచిక లాంటిది, టేబుల్ మొత్తం చదవకుండానే రికార్డు దొరికేలా చేస్తుంది.) ఇందులో ప్రాణమంతా ఆ అంకెల్లో ఉంది. ‘నాకు జావా, పైథాన్, రియాక్ట్ వచ్చు’ అంటే క్యూలో ఉన్న అందరూ అదే అంటారు, రాసుకోవడానికేమీ ఉండదు. అయితే అంకె చెప్పాక దాని వెనక ప్రశ్న వస్తుంది, అక్కడే చాలామంది దొరికిపోతారు. ఇండెక్స్‌ను టేబుల్లోని ఏ కాలమ్ మీద పెట్టారు? పేరు మధ్యలో ఉన్న మాటతో వెతికితే? మాటలో కొంత భాగంతో వెతికే డేటాబేస్ ఆదేశం ‘లైక్’లో పదానికి ముందే శాతం గుర్తు (‘ఇక్కడ ఏదైనా ఉండొచ్చు’ అని) పెడితే, వరుసక్రమంలో పేర్చి ఉంచే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ పనికిరాదు, టేబుల్ మొత్తం చదవాల్సిందే. మరి అన్ని కాలమ్‌లకూ పెట్టొచ్చు కదా? ప్రతి ఇండెక్సూ కొత్త రికార్డు రాసేటప్పుడు పని పెంచుతుంది. ఈ మూడూ నోటికి వస్తేనే ఆ అంకె చెప్పండి. మీరు కొలవని అంకె అసలే వద్దు.

‘క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సైట్లో అప్లై చెయ్యండి’ అంటే పొమ్మన్నట్టు కాదు. చాలా కంపెనీలు దరఖాస్తులన్నీ సైటు ద్వారానే తీసుకుంటాయి. ఏ ఉద్యోగం నంబరుకు పెట్టాలో, ఎవరితో మాట్లాడానని రాయాలో అడిగి, స్టాల్ దాటగానే రాసుకోండి. నాలుగో స్టాల్ అయ్యేసరికి పేర్లు కలిసిపోతాయి.

ప్రశ్న: మాది నలుగురి ప్రాజెక్టు, సినిమా టికెట్ల బుకింగ్. నేను స్క్రీన్లు మాత్రమే చేశాను. ‘ఒకే సీటు ఇద్దరు ఒకేసారి నొక్కితే?’ అని అడిగారు. తెల్లబోయాను.

జవాబు: ‘స్క్రీన్లు నావి, డేటాబేస్ మరొకరిది’ అని ముందే చెప్పండి, తప్పులేదు. కానీ మీ భాగం అవతలి భాగాన్ని తాకే చోటు మీకు తెలిసి తీరాలి.

సీటు ఖాళీగా ఉందా అని చూసి, తర్వాత బుక్ చేస్తే, ఆ రెండు పనుల మధ్య రెండో వ్యక్తి దూరిపోతాడు. ‘ట్రాన్సాక్షన్‌లో పెట్టాం’ (అంటే జరిగితే అన్ని పనులూ జరిగేలా, లేదంటే ఏదీ జరగకుండా ఒక కట్టగా కట్టాం) అనే జవాబు సరిపోదు, చాలా డేటాబేసుల మామూలు సెట్టింగులో ఇద్దరికీ సీటు ఖాళీగానే కనబడొచ్చు. షో, సీటు కలిపి యూనిక్ (అదే జత రెండోసారి రాకూడదు) అనే నిబంధన టేబుల్ మీదే పెట్టాలి. అప్పుడు రెండోవారి ఇన్సర్ట్ (కొత్త రికార్డు చేర్చడం) విఫలమవుతుంది. దాన్ని పట్టుకుని ‘ఈ సీటు ఇప్పుడే అయిపోయింది’ అని చూపించడం మీ స్క్రీను పని. ఇంత చెప్తే మీ భాగం చిన్నదని ఎవరూ అనుకోరు.

ప్రశ్న: కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో నా లింకు ఇవ్వమంటున్నారు. ఒక ప్రాజెక్టులో ఏపీఐ కీ (బయటి సర్వీసు వాడుకోవడానికిచ్చే రహస్య కోడు) ఉన్న ఫైలు పెట్టేసి, తర్వాత డిలీట్ చేశాను. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వా ఉంది. డిలీట్ చేసినా పాత కమిట్‌లో (అప్పట్లో సేవ్ చేసిన మార్పుల రికార్డులో) ఆ ఫైలు అలాగే ఉంటుంది. ముందు ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోండి, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాతి సంగతి.

ప్రొఫైల్‌లో ఆరు ప్రాజెక్టుల వరకు పిన్ చేయొచ్చు (పైనే కనబడేలా పెట్టొచ్చు) గానీ, రెండో మూడో నిఖార్సైనవి ఉంటే అవే ఉంచండి. రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) అదేం చేస్తుందో, ఎలా నడపాలో, ఒక స్క్రీన్‌షాట్, అంతే. ఉచిత హోస్టింగ్‌లో పెట్టిన డెమో కాసేపు ఎవరూ వాడకపోతే నిద్రపోతుంది, లేవడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది. పైగా హాల్లో వైఫై అందరూ లాగేస్తుంటారు. 30 సెకన్ల వీడియో ఫోన్లో పెట్టుకెళ్ళండి.

ప్రశ్న: తర్వాత మెయిల్ రాయాలా? వాళ్ళకు గుర్తుంటామా?

జవాబు: ముఖం గుర్తుండకపోవచ్చు, మాట్లాడిన సంగతి గుర్తుంటుంది. అదే రోజు లేదా మర్నాడు రాయండి, ఐదారు లైన్లు. సబ్జెక్టులో ఫెయిర్ పేరు, ఉద్యోగం నంబరు. మొదటి లైన్లో మీ మధ్య నడిచిన సంగతి: ‘ఇండెక్స్ గురించి అడిగారు కదా, ఆ క్వెరీ ప్లాన్ ఇక్కడ పెట్టాను’ అని లింకు (క్వెరీ ప్లాన్ అంటే డేటాబేస్ ఆ సెర్చిని ఎలా నడుపుతుందో చూపే వివరం). సైట్లో దరఖాస్తు పెట్టిన తేదీ, జోడించిన పీడీఎఫ్. ఆ ఫైలు పేరు ‘ఫైనల్ రెండు’ అని కాకుండా మీ పేరుతో ఉండాలి.