ఇంట్యుమెస్ అంటే గడ్డ కట్టడం కాదు

పెయింట్ డబ్బా మీద "ఇంట్యుమెసెంట్" (intumescent) అని చూసి, పెయింట్‌కీ గడ్డకీ సంబంధమేంటని ఒకరు అడిగారు. ట్యూమర్ అంటే గడ్డ అనుకోవడం వల్లే ఆ తికమక. రెండు పదాలకీ చుట్టరికం ఉన్న మాట నిజమే. కానీ లాటిన్‌లో ట్యూమర్ అంటే ఉత్త వాపే.

"ఇంట్యుమెస్" (intumesce, అంటే ఉబ్బడం) అనే ఇంగ్లీష్ క్రియను ఇలా విడదీయండి:

1. ట్యుమేరే: ఉబ్బి ఉండటం. అసలు వేరు ఇదే.

2. ముందున్న "ఇన్" ఇక్కడ వ్యతిరేకార్థం కాదు.

3. అందరూ దాటేసేది మధ్యలోని "ఎస్క్". లాటిన్ క్రియకు ఇది తగిలితే "అలా అవడం మొదలైంది" అనే అర్థం వస్తుంది. ట్యుమేరే ఉబ్బి ఉండటమైతే, ట్యుమెస్కేరే ఉబ్బుతూ రావడం. అడోలసెంట్‌లో ఉన్నదీ ఇదే: ఇంకా ఎదుగుతున్నవాడు. అదే క్రియ నుంచి పుట్టిన అడల్ట్ మాత్రం ఎదగడం అయిపోయినవాడు!

ఇప్పుడు డబ్బా సంగతి. ఉక్కు దూలానికి వేసినప్పుడు ఆ పెయింట్ పల్చటి పూతే. మంట వేడి తగిలాక పొంగడం మొదలై, బొగ్గులాంటి మందపాటి పొరగా మారి, ఉక్కు త్వరగా వేడెక్కకుండా అడ్డుకుంటుంది.

కాలు వాచిందని చెప్పడానికి మాత్రం "స్వెల్" చాలు. ఇంట్యుమెస్ అంటే డాక్టర్ కూడా ఓసారి ఆగి చూస్తారు.