అరబిక్ రాతలు చదివితే మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. మధ్యయుగంలో ఇరాక్, సిరియాల్లో చేసిన వెండి పొదిగిన ఇత్తడి పాత్రలు, వాటి మీద రాతలు, వాటి గురించి పైచదువులు చదువుతానంటోంది. ఎంబీఏతో పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, ఖమ్మం)

సార్, మీ మెయిల్లో జీతం మాట ఒక్కసారే ఉంది, "నలుగురికీ ఏం చెప్పుకోవాలి" మాత్రం మూడుసార్లుంది. ఇలాంటివి నాకు తెగ వస్తుంటాయి, సబ్జెక్టు మారుద్ది అంతే, భయం అదే.

ముందు అమ్మాయి దేని మీద మనసుపడిందో చూడండి. బ్రిటిష్ మ్యూజియంలో బ్లాకాస్ కూజా అని ఒకటుంది, అడుగు ఎత్తుంటుంది. ఇత్తడిని చెక్కి, గుంట అంచుల్ని లోపలికి కోసి, అందులో వెండి రేకు కూరి సుత్తితో కొట్టారు. 1232లో ఇరాక్‌లోని మోసుల్‌లో షుజా ఇబ్న్ మనా అనే పనివాడు చేశాడు, ఎలా తెలుసంటే పేరు, నెల, ఏడాది, ఊరు అన్నీ దాని మీదే చెక్కుకున్నాడు. మనం పెళ్లి బిందెల మీద పేరూ తేదీ కొట్టించుకోమూ, అలాగన్నమాట. పేరులో "మోసులీ" అని పెట్టుకున్న పనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, కానీ కొందరు చేసింది డమాస్కస్‌లో, కైరోలో. అది తేలాలంటే రాత చదవాల్సిందే.

అందుకే కన్సల్టెన్సీ వాళ్లు ఊదరగొట్టే ఏడాది ఫారిన్ హెరిటేజ్ మేనేజ్‌మెంట్ కోర్సులంటే నాకు అనుమానం. లక్షలు పోసి, అరబిక్ ముక్క రాకుండా, మ్యూజియం లేబుళ్లు చదివొస్తే ఏం లాభం చెప్పండి? లేబుల్ సంగతీ అంతే. పారిస్ లూవ్ర్‌లో ఒక గంగాళానికి ఫ్రాన్స్ రాజు సెయింట్ లూయీ పేరు అంటించారు, ఆ రాజు 1270లోనే పోయాడు, గంగాళం తయారైంది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి. చేసిన ముహమ్మద్ ఇబ్న్ అల్ జైన్ ఆరు చోట్ల సంతకం పెట్టుకున్నా పేరు మాత్రం రాజుదే!

కాబట్టి ముందు భాష. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల వర్సిటీ), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ వర్సిటీ) మూడింట్లోనూ అరబిక్ ఉంది. తర్వాత బరోడాలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియాల పని నేర్పే కోర్సు లాంటిది చూడొచ్చు. ఏఎస్ఐకి, అంటే కేంద్ర పురావస్తు శాఖకి, నాగ్‌పూర్‌లో అరబిక్, పర్షియన్ శాసనాల విభాగమే ఉంది. పోస్టులు తక్కువ, అబద్ధం చెప్పను, ఎంబీఏతో జీతం తొందరగా మొదలవ్వచ్చు. కానీ ఇష్టం లేకుండా ఎంబీఏలో కూర్చున్న పిల్లల్ని నా ముందు కుర్చీలో రోజూ చూస్తున్నాను.

ఇక మెయిల్లో "ఆ భాష మనకెందుకు" అన్నారు చూడండి, అది మాత్రం తప్పు సార్. పిల్ల అడిగింది చదువు, మీరు చూస్తున్నది చుట్టాల మొహాలు. పక్కనే బీదర్‌లో జింకు పాత్రల్లో వెండి పొదుగుతారు, కోట మట్టితో నల్లబరుస్తారు, ఆ బిద్రీ పని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బోలెడుంది. ఒకసారి తనతో కలిసెళ్లి, తను చెప్పేది అడ్డురాకుండా వినండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.