ఎం1 గారండ్ రైఫిల్: అమ్మాలా, మార్పిడి చేసుకోవాలా?

అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఎం1 గారండ్ రైఫిల్‌ను అమ్మడమా, మరో తుపాకీతో మార్చుకోవడమా అన్నది ముందుగా దాని అసలుదనాన్ని బట్టి తేలుతుంది. 1936లో సైన్యం స్వీకరించిన ఈ రైఫిళ్లు సుమారు 54 లక్షలు తయారైనా, చాలావాటికి తరువాత ఆయుధాగారాల్లో విడిభాగాలు మార్చారు కనుక, కర్మాగారపు భాగాలతోనే మిగిలినది అరుదు. అటువంటిదైతే నిపుణుడికి చూపించి అమ్మడమే మేలని నా అభిప్రాయం. మార్పిడిలో రెండు వస్తువుల వెలనూ సరిగ్గా కట్టాలి, పైగా వ్యాపారి తన లాభం మినహాయించుకునే లెక్క చెబుతాడు. కలగలుపు భాగాలదైతే, మీకు నిజంగా కావలసిన తుపాకీ దొరికినప్పుడు నిశ్చింతగా మార్చుకోవచ్చు. (కొయ్యకు కొత్త మెరుగు మాత్రం పెట్టించకండి, ధర పడిపోతుంది.) తుపాకుల లావాదేవీలకు కేంద్ర ప్రభుత్వమిచ్చే లైసెన్సు లేని ఇద్దరు వేర్వేరు రాష్ట్రాలవారైతే, మార్పిడి కూడా లైసెన్సు గల డీలరు ద్వారానే జరగాలి.