ఆ అంకె పక్కన ఇంకో అంకె ఉండాలి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గ్లయోబ్లాస్టోమా లాంటి మొండి మెదడు కణితి గురించి, దానికి రేడియేషన్, కీమో కలిపి ఇచ్చే వైద్యం గురించి ఇంత ఓపిగ్గా చదివి రాశావంటే నాకు చాలా సంతోషం. నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్క వాక్యమే. "ఈ వైద్యం చేయించుకున్నా రోగి 14.6 నెలలే బతుకుతాడు" అని రాశావు.

దాదాపు ఇదే వాక్యం చాలా ఏళ్ళ కిందట నేనూ రాశాను. కొన్నాళ్ళకు ఈ జబ్బుతో ఉన్న ఒకాయనను చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. స్కాన్ ఫిల్ములు, రక్త పరీక్షల కాగితాలు, వాటి మధ్యలో మడతపెట్టిన నా వ్యాసం. ఆ అంకె కింద పెన్సిల్ గీత ఉంది. పక్కన, ఆపరేషన్ అయిన రోజు నుంచి లెక్కపెట్టి, ఒక నెల పేరు రాసి ఉంది. అది ఎవరు రాశారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ అంకె అబద్ధం కాదు. 2005లో రోజర్ స్టుప్ అనే క్యాన్సర్ వైద్యుడు, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలోది. 573 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రేడియేషన్ మాత్రమే, రెండో గుంపుకి రేడియేషన్‌తో పాటు టెమోజోలోమైడ్ అనే కీమో మందు ఇచ్చారు. 14.6 నెలలు అన్నది రెండో గుంపు మధ్యగతం. అంటే సగం మంది ఆ గీత చేరకముందే పోయారు, సగం మంది దాటి బతికారు. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో అది 12.1 నెలలు. తేడా రెండున్నర నెలలు. ఇక్కడే ఆగిపోతే ఎవరికైనా "ఇంతేనా" అనిపిస్తుంది. నువ్వు ఇక్కడే ఆగిపోయావు.

ఇంకొంచెం ముందుకి వెళ్ళు. రెండేళ్ళ తర్వాత చూస్తే, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 10.4 శాతం మంది మిగిలారు. రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 26.5 శాతం. ఐదేళ్ళకి మొదటి గుంపులో 1.9, రెండో గుంపులో 9.8. వందలో ఇద్దరు మిగిలే చోట దాదాపు పదిమంది మిగిలారు. ఈ మందు చేసిన అసలు మేలు కనిపించేది ఇక్కడ, ఆ రెండున్నర నెలల్లో కాదు. అలాగని ఆ పదిమందినే చూపించి మిగతా తొంభైమందిని దాచకు. ఈ జబ్బు చాలామందిలో మళ్ళీ వస్తుంది, ఆ సంగతీ అంతే స్పష్టంగా రాయాలి. రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటే, ఫైలు పట్టుకున్న మనిషికి భయపడటానికీ చోటుంటుంది, ఆశపడటానికీ చోటుంటుంది.

రెండు వైద్యాలూ ఎందుకు కలపాలన్నది నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. దానికి ఇంకాస్త చోటివ్వు. ఈ కణితికి గట్టు ఉండదు. దాని కణాలు చుట్టుపక్కల మెదడులోకి పాకిపోయి ఉంటాయి కాబట్టి కత్తి అంతదూరం పోలేదు. రేడియేషన్ కణంలోని డీఎన్ఏని తెంపుతుంది. చాలా కీమో మందులు రక్తం నుంచి మెదడులోకి సరిగా చేరవు, టెమోజోలోమైడ్ కొంతవరకు చేరుతుంది. చేరి అదే డీఎన్ఏకి మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన ముక్కలు మచ్చల్లా తగిలిస్తుంది. ఒకపక్క తెగినచోట అతుకు వేసుకోవాలి, ఇంకోపక్క ఈ కొత్త మచ్చలు తీసుకోవాలి. కణానికి ఊపిరి సలపదు. అయితే ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఆ మచ్చల్లో ముఖ్యమైనదాన్ని తీసేయగలదు. కణితిలో ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు మూసుకుపోయి ఉన్నవాళ్ళకే ఈ మందు ఎక్కువ పనిచేస్తుంది. ఆ జన్యువు మూసుకుందో లేదో చూసే పరీక్ష సంగతి నీ వ్యాసంలో అసలు లేదు. చేర్చు.

ఇంకో మాట. నీ వ్యాసంలో మనిషి కనబడలేదు. రేడియేషన్‌ని "కరెంటు పెడుతున్నారు" అనే మాట మనవాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నాం? ఒంట్లోకి షాక్ ఇస్తారేమో అని టెన్షన్ పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ వల ముఖం మీద పరుస్తారని, అది కొద్ది నిమిషాల్లో ముఖం ఆకారానికి గట్టిపడుతుందని రాయి. రోజూ ఆ మాస్క్‌ని బల్లకి బిగిస్తారని, కిరణాలు తగులుతున్నట్టే తెలియదని రాయి. లేచి వచ్చాక నుదుటి మీద ఆ వల గళ్ళు అచ్చు పడి ఉంటాయి. నేను చూశాను, బయట ఎదురుచూస్తున్న కూతురు ఆ గళ్ళని బొటనవేలితో మెల్లగా రుద్దుతోంది.

వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు, మొత్తం 30 సార్లు, 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). రేడియేషన్‌కి శని, ఆదివారాలు సెలవు, టెమోజోలోమైడ్ మాత్రకి సెలవు లేదు. ఇది చాలామంది పొరబడే విషయం, తప్పక రాయి. తెల్లరక్తకణాలు తగ్గుతాయి కాబట్టి తరచూ రక్తపరీక్ష ఉంటుందని, ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ రాకుండా వేరే మందు కూడా ఇస్తారని ఒక వాక్యం చాలు.

వైద్యం ముగిశాక తీసే మొదటి స్కాన్ గురించి మాత్రం ఒక పేరా కేటాయించు. అందులో మచ్చ పెరిగినట్టు కనిపించినా, కొందరిలో అది కణితి కాదు, వైద్యం వల్ల వచ్చిన వాపు. కొన్ని వారాలు ఆగి మళ్ళీ స్కాన్ తీస్తే తగ్గి ఉండొచ్చు. ఈ ఒక్క విషయం ముందే తెలియక ఇళ్ళకి ఇళ్ళు ఏడుస్తాయి.

సరిచేశాక నాకు పంపు. ఆ లోపు డోసుల పేరాని క్యాన్సర్ డాక్టర్ ఎవరికైనా తప్పక చూపించు. టెమోజోలోమైడ్ రేడియేషన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు రోజూ ఒంటి ఉపరితలం చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాములు. నాలుగు వారాల విరామం తర్వాత 28 రోజులకి ఐదు రోజుల చొప్పున 150 నుంచి 200. నీ కాగితంలో ఈ రెండూ తారుమారయ్యాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు