స్పీచ్ థెరపీతో పాటు ఏబీఏ కూడా పెట్టొచ్చా? మా వాడి విషయంలో జరిగింది

మీ పాపకి మూడేళ్లు, స్పీచ్ సెషన్లు నడుస్తున్నాయి, ఇప్పుడు ఏబీఏ (ఆటిజం ఉన్న పిల్లలకి ఒక్కో పనినీ చిన్న చిన్న అడుగులుగా, మెచ్చుకుంటూ నేర్పే పద్ధతి) కూడా పెట్టమంటున్నారు, రెండూ కలిపితే పిల్ల గందరగోళపడుతుందేమో అని అడిగారు. మేం హైదరాబాద్‌లో ఉంటామండీ, మా వాడికి ఇప్పుడు ఏడేళ్లు. నాకు తెలిసినంతలో గందరగోళం రెండు థెరపీల వల్ల రాదు, ఆ ఇద్దరు థెరపిస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే వస్తుంది. మొదటి ఎనిమిది నెలలు మాకు అదే జరిగింది.

మా వాడికి దాహమేస్తే "నీళ్లు కావాలా?" అనేవాడు. మేం అడిగే మాటనే తిరిగి అప్పజెప్పడం అన్నమాట. స్పీచ్ మేడమ్ "అడుగుతున్నాడుగా" అని గ్లాసు ఇచ్చేసేవారు. ఏబీఏ సెంటర్లో దాన్నే తప్పు కింద రాసుకుని, "వాటర్" అంటేనే ఇచ్చేవాళ్లు. ఇంట్లో మా అత్తగారు వాడు నోరు తెరవకముందే గ్లాసు నోటికి పెట్టేవారు. ఒక్క మంచినీళ్లకి మూడు రూల్సు! కొన్నాళ్లకి అడగడం మానేసి, వంటింటి గోడకి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ నెల నేను పడ్డ టెన్షన్ చెప్పలేను.

చివరికి నేనే ఇద్దర్నీ ఒక వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. అరగంటలో తేలిపోయింది. ఏ మాట నేర్పాలి, ఎలా పలికించాలి అనేది స్పీచ్ మేడమ్ చూస్తారు. రోజుకి ఎన్ని అవకాశాలు ఇవ్వాలి, సాయం ఎప్పుడు తగ్గించాలి అనేది ఏబీఏ వాళ్లు చూస్తారు. మాట తెలుగులోనే, "నీళ్లు కావాలి", అన్నిచోట్లా అదే. మేం "కావాలా?" అని అడగడం పూర్తిగా ఆపేశాం, ఎందుకంటే వాడు మన ప్రశ్ననే నేర్చుకుంటాడు. గ్లాసు చూపించి వాడి తరఫున మేమే "నీళ్లు కావాలి" అనేవాళ్లం. కొన్నాళ్లయ్యాక "నీ..." అని ఆగేవాళ్లం. తర్వాత గ్లాసు పట్టుకుని ఊరికే నిలబడేవాళ్లం. ఐదు సెకన్లు చూసి, అనకపోయినా ఇచ్చేసేవాళ్లం. దాహంతో ఉన్న పిల్లాణ్ణి ఏడిపించి మాట రాబట్టాలని చూడకండి.

ఇలా అడగడాన్ని ఏబీఏ వాళ్లు "మాండ్" అంటారు, 1957లో స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పెట్టిన పేరు. నీళ్లు అడిగితే నీళ్లే రావాలి, చాక్లెట్ కాదు. మా పాత సెంటర్లో ప్రతి మాటకీ జెమ్స్ పెట్టేవారు, వాడికి జెమ్స్ తప్ప ఏ మాటా ఒంటబట్టలేదు. తల కొట్టుకోవడం కూడా చాలావరకు ఇలాగే తగ్గింది. ఆ పనితో వాడు ఏం సాధిస్తున్నాడో చూసి, దాన్నే అడిగి తీసుకునే దారి చూపించారు. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన పద్ధతి ఇదేనట. అత్తగారిని మార్చడమే అన్నిటికంటే కష్టమైంది, అది వేరే కథ.

కావలసింది చూపించి అడిగే బొమ్మల కార్డులు వాడితే ఇక మాట రాదని కొందరు భయపెడతారు. మా వాడు కార్డు చేతికిస్తూనే మాట కూడా అనడం మొదలుపెట్టాడు. "ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడాలి మరి?

ఏబీఏ పేరుతో బలవంతంగా కళ్లలోకి చూడమనడం, చేతులు ఆడించనివ్వకుండా పట్టుకోవడం చేసే చోటికి మాత్రం పంపొద్దు. అలాంటి శిక్షణలో పెరిగి పెద్దవాళ్లయిన ఆటిస్టిక్ వ్యక్తుల్లో చాలామంది అది ఎంత బాధపెట్టిందో రాశారు. సెషన్లో మిమ్మల్ని కూర్చోనివ్వకపోతే నేనైతే ఆ సెంటర్ మార్చేస్తాను. స్పీచ్ థెరపిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి.

ఇంకొకటి, పాపకి వినికిడి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందో లేదో చూసే పరీక్ష) చేయించకపోతే ముందు అది చేయించండి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ అనే జాతీయ వినికిడి సంస్థ వాళ్ల సెంటర్ ఉంది.