ఐక్యూ 104 వచ్చింది, ఎంపీసీ మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఆప్టిట్యూడ్ టెస్ట్ చేయిస్తే ఐక్యూ 104 వచ్చింది. భాషలో ఎక్కువ, బొమ్మల్ని మనసులో తిప్పి చూసే ప్రశ్నల్లో తక్కువ. మా బావగారి అబ్బాయికి 121. మొత్తం స్కోరే ముఖ్యమని ఒకరు, తెలివి ఏడెనిమిది రకాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరిది నిజం? వేలిముద్రల టెస్ట్ డీఎంఐటీకి అడ్వాన్స్ కూడా కట్టాం. ఎంపీసీలో చేర్చమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ గొడవ వందేళ్లు దాటింది, ఇంకా తెగలేదు. ఒక సబ్జెక్టులో ముందున్న పిల్లలు మిగతావాటిలోనూ ముందే ఉంటున్నారని ఇంగ్లండ్‌లో స్పియర్‌మన్ అనే సైకాలజిస్టు గమనించాడు. అన్నిటి వెనకా ఉన్నది ఒకే సామర్థ్యమని 1904లో చెప్పి, తర్వాత దానికి ‘జి’ అని పేరు పెట్టాడు. 1938లో షికాగోలో థర్‌స్టన్ అనే ఇంకో సైకాలజిస్టు 56 పరీక్షల ఫలితాలను మరోలా విశ్లేషిస్తే ఏడు సామర్థ్యాలు తేలాయి. తీరా చూస్తే ఆ ఏడింటికీ మళ్లీ ఒకదానితో ఒకటి సంబంధం ఉంది! 1993లో కారల్ ఇద్దరికీ చోటిచ్చాడు: పైన జి, దాని కింద విడివిడి సామర్థ్యాలు.

నాకు నచ్చేది మాత్రం థామ్సన్ అనే మరో పరిశోధకుడి మాట. అసలు ‘జి’ లాంటిదేదీ లేకపోయినా స్పియర్‌మన్ చూసిన లెక్కలే వస్తాయని 1916లో పాచికలు వేసి మరీ చూపించాడు. లెక్కలో ఒక అంకె తేలినంత మాత్రాన తలలో అలాంటి వస్తువు ఉన్నట్టు కాదు.

పైగా ఇవన్నీ వందల మంది మధ్య తేడాలను వివరించే సిద్ధాంతాలు. మీవాడు ఏ గ్రూపు తీసుకోవాలో వాటిని అడిగితే ఏం చెబుతాయి? మొత్తం స్కోరుకూ చదువుకూ సంబంధం ఉందన్నది నిజమే. కానీ అదే టెస్ట్ మళ్లీ రాస్తే 104 కాస్తా 99 కావచ్చు, 109 కావచ్చు. విడి విభాగాల్లో ప్రశ్నలు తక్కువ కాబట్టి ఆ స్కోర్లు ఇంకా ఊగుతాయి.

డీఎంఐటీ వాళ్లు, తెలివి చాలా రకాలని చెప్పిన అమెరికన్ సైకాలజిస్టు గార్డ్‌నర్ పేరు వాడుకుంటారు. ఆయన 1983లో చెప్పిన ఏడు ప్రజ్ఞలకే (ఇవి థర్‌స్టన్ ఏడూ కావు) గణాంకాల మద్దతు అంతంతమాత్రం. ఇక వేలిగీతలకూ తెలివికీ ముడిపెట్టడానికి ఆధారమే లేదు. దానికంటే చిలక జోస్యం నయం, చిలకనైనా చూడొచ్చు.

ఒక మాట అంటాను, ఏమనుకోకండి. మీ టెన్షన్ సిద్ధాంతాల గురించి కాదు, ఆ 121 గురించి. ఉత్తరంలో బావగారి అబ్బాయి స్కోరు రాశారు గానీ, మీవాడికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఆ రిపోర్టు వాడి ముందే పదిమందికి చూపించి ఉంటే, ఇకనైనా ఆపండి.

104 అంటే సగటు కంటే కాస్త ఎక్కువే, కంగారు పడకండి. బొమ్మలు తిప్పి చూసే నేర్పు సాధనతో పెరుగుతుంది. లెక్కల్లో కొత్త చాప్టర్ మొదలైతే తనంతట తాను కూర్చుని చేస్తాడా, ట్యూషన్ సార్ వస్తేనే పుస్తకం తెరుస్తాడా? ఈ నెల్లాళ్లూ గమనించండి. మొదటిదైతే ఎంపీసీలో చేర్చండి. రెండోదైతే ఎంఈసీ, సీఈసీల గురించి వాడితోనే మాట్లాడండి. డీఎంఐటీ అడ్వాన్స్ వెనక్కిస్తే తీసుకోండి, ఇవ్వకపోయినా వెళ్లకండి.