మంచులో తిరిగొచ్చాక కారు వణుకుతోందండి!

ప్రశ్న: నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, చెరువుల మీద బతుకు. మా అబ్బాయి అమెరికాలో మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, డెట్రాయిట్‌కి దగ్గర్లో. పోయిన వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు, రెండు డోర్లది, పవరంతా వెనక చక్రాలకే వెళ్తుందంట. మొన్న పెద్ద మంచు పడితే ఆ మంచులోనే ఆఫీసుకెళ్లొచ్చాడు, దార్లో మలుపు దగ్గర జారి రోడ్డు పక్కనున్న సిమెంటు అంచుకి ముందు చక్రం తగిలిందంట, మెల్లిగానే అంటున్నాడు. రాత్రి కారు బయటే పెట్టి మర్నాడు హైవే ఎక్కితే 50 మైళ్లు దాటగానే కారంతా వణుకుతోందంట, ఏబీఎస్ లైటు, ట్రాక్షన్ లైటు రెండూ వెలుగుతున్నాయంట, కింద ఏదో రాసుకుంటున్న చప్పుడు కూడా. అక్కడ షెడ్డులో చూపిస్తే హబ్బులు, బ్రేకులు, సెన్సార్లు అన్నీ మార్చాలి, 2,400 డాలర్లు అన్నారంట. రెండ్రోజుల నుంచి వాళ్లమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు. మార్పించుకోమనాలా, కారు అమ్మేయమనాలా? పేరు వేయకండి.

జవాబు: ముందు అమ్మగారికి చెప్పండి, బాబు క్షేమంగా ఇంటికొచ్చాడు, అది చాలు. ఇక కారు సంగతి. మీరు రాసినవాటిలో చాలావాటికి ఏ పార్టూ మార్చక్కర్లేకపోవచ్చు, కానీ అది తేలేదాకా బాబు ఆ కారు హైవే ఎక్కించకూడదు, ఈ రెండూ ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఆ వణుకు మీకు తెలియంది కాదండి. వానాకాలంలో చెరువు గట్టు మీద నుంచి కారు దింపి కడక్కుండా అలాగే రోడ్డెక్కి 80 దాటిస్తే స్టీరింగ్ ఊగిపోతుంది చూడండి, చక్రం లోపలి వైపు బంకమట్టి ఒక పక్కనే ముద్దగా పట్టేసి ఉంటుంది, నా దగ్గరికి అలా వచ్చిన బళ్లు లెక్కలేదు, టైర్లు పోయాయేమో అనుకుంటూ వస్తారు, పైపు పెట్టి లోపల కడిగితే వణుకు పోతుంది. మీ బాబు కారుకి మట్టి బదులు మంచు పట్టింది, అంతే తేడా. స్పోర్ట్స్ కారు రిమ్ములకి సందులు పెద్దవి, మంచు లోపలికి పోయి కూరుకుంటుంది, రాత్రి కారు ఆగి ఉన్నప్పుడు అది అలాగే బిగిసి రాయిలా అయిపోతుంది. వీల్ బాలెన్సింగ్‌లో మేం 5 గ్రాములు, 10 గ్రాముల వెయిట్లు అంటిస్తాం, ఒక్కోసారి ఆ కాస్త తేడాకే స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంది, అలాంటిది 200 గ్రాముల ఐస్ గడ్డ ఒక పక్కన ఉంటే ఏమవుతుందో చూడండి. 65 మైళ్ల స్పీడు అంటే మనకి 105 కిలోమీటర్లు, ఆ స్పీడులో చక్రం సెకనుకి 14 సార్లు తిరుగుతుంది, ఆ 200 గ్రాముల గడ్డ దాదాపు 30 కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, అదీ సెకనుకి 14 సార్లు దిక్కు మారుతూ. కారు వణక్క ఏం చేస్తుందండి.

అందుకని మొదట చేయాల్సింది నాలుగు చక్రాలూ లోపలి వైపు శుభ్రంగా కడగడం. అక్కడ నాణేలేసి మనమే కడుక్కునే కార్ వాష్‌లు ఉంటాయి, గోరువెచ్చటి నీళ్లతో చక్రం వెనక వైపు కొట్టమనండి. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, అంత చలిలో ఉన్న బ్రేక్ డిస్కు, అద్దం పగలొచ్చు. స్క్రూడ్రైవరో గునపమో పెట్టి పొడవొద్దు, లోపల సెన్సార్ వైరు ఉంటుంది, చెక్కో ప్లాస్టిక్ ముక్కో వాడమనండి. కడిగాక ఖాళీ రోడ్డు మీద మెల్లిగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేక్ నొక్కితే డిస్కులు ఆరతాయి. తడిసిన కారుకి ఆ రాత్రి హ్యాండ్ బ్రేక్ వేస్తే పొద్దున్నకి అది గడ్డకట్టి పట్టేయొచ్చు, చదును నేల అయితే గేర్లో పెట్టి ఊరుకోమనండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెడితే చాలు.

ఇప్పుడు లైట్లు. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం లాక్ అవకుండా చూసేది, ట్రాక్షన్ అంటే పవరిచ్చినప్పుడు చక్రం ఉన్నచోటే జారి తిరక్కుండా చూసేది. ప్రతి చక్రం హబ్బు దగ్గరా, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగం దగ్గర, ఒక చిన్న సెన్సార్ ఉంటుంది, చక్రం ఎంత స్పీడుగా తిరుగుతుందో కంప్యూటర్‌కి చెప్పేది అదే, దాని మీద మంచు పేరుకున్నా ఉప్పు బురద పట్టినా కంప్యూటర్‌కి కబురు సరిగ్గా అందదు, ఏబీఎస్ లైటు వేస్తుంది, ట్రాక్షన్ కూడా ఆ సెన్సార్ల మీదే ఆధారం కాబట్టి రెండు లైట్లూ కలిసే వస్తాయి. కడిగి కాసేపు నడిపాక లైట్లు వాటంతటవే ఆరిపోతే సెన్సార్ మంచిదే. ఆరకపోతే కారు కంప్యూటర్‌లో పడిన తప్పు కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి ఏ చక్రందో చూడాలి. 1996 నుంచీ అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ స్కానర్ పెట్టే సాకెట్టు ఉంటుంది కానీ చవక స్కానర్లు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ కోడ్ చదివేదాంతో చూడమనాలి. కోడ్ ఒక చక్రానికి వస్తే ఆ ఒక్క సెన్సారే మార్చుకోవాలి, నాలుగూ ఎందుకు మారుస్తున్నారో ఆ షెడ్డువాళ్లని కోడ్ చూపించి చెప్పమనండి, అడగటంలో తప్పులేదు. ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది, జారే రోడ్డులో గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవుతుంది అంతే. దాంతోపాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా ఉంటే ఆ కారు కదపొద్దు, మోసుకెళ్లే బండి మీద ఎక్కించి షెడ్డుకి తీసుకెళ్లాల్సిందే.

కింద రాసుకుంటున్న చప్పుడు బహుశా ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ రేకుది. మన కార్లకి నేల నుంచి ఆరున్నర, ఏడు అంగుళాల ఎత్తు ఉంటుంది, స్పోర్ట్స్ కారుకి నాలుగున్నర ఐదు అంగుళాలే, ఆరంగుళాల మంచులో అది నాగలి దున్నినట్టు తోసుకుంటూ పోతుంది, ఆ తోపుడికి క్లిప్పులు ఊడి రేకు వేలాడుతుంది. క్లిప్పులు చవక, బిగించుకోవచ్చు. ఆ చేత్తోనే ముందు జాలీలో మంచు కూరుకుందేమో, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడమనండి.

నాకు నిజంగా అనుమానంగా ఉన్నది ఆ తగిలిన చక్రమే అండి. మెల్లిగానే అంటాడు, పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తే మెల్లిగానే అంటారు, మీరు భయపడతారని. చక్రాలు కడిగాక కూడా వణుకు పోకపోతే, స్టీరింగ్‌లో వణికితే ముందు చక్రం, సీటులో వణికితే వెనక చక్రం అని మా లెక్క, నూటికి నూరుపాళ్లు కాదు గానీ చాలావరకు నిజమే. తిన్నని రోడ్డు మీద వెళ్తుంటే స్టీరింగ్ ఒక పక్కకి తిరిగి ఉందా, కారు ఒక పక్కకి లాగుతోందా చూడమనండి. అలా ఉంటే రిమ్ము వంగి ఉండొచ్చు, చక్రాన్ని పట్టుకుని ఉండే టై రాడ్డో కింది ఆర్మో వంగి ఉండొచ్చు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రం తిప్పితే రిమ్ము వంకర కంటికే కనపడుతుంది, తర్వాత అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేయడం, చేయించి ఆ రీడింగుల కాగితం తీసుకోమనండి. టైరు పక్క గోడ మీద ఉబ్బు ఉంటే ఆ టైరు మార్చాల్సిందే, దానికి మాత్రం డబ్బు చూసుకోకండి.

ఇన్ని చెప్పాను కానీ అసలు రోగం టైర్లు. వేసవిలో కొన్న స్పోర్ట్స్ కారుకి చాలావరకు సమ్మర్ టైర్లే ఉంటాయి, 7 డిగ్రీల కంటే చలి పెరిగితే ఆ రబ్బరు గట్టిపడిపోతుంది, మంచు మీదే కాదు పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది, బాగా చలిలో నడిపితే రబ్బరు పగుళ్లిస్తుంది కూడా. దానికి తోడు వెనక చక్రాల పవరు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు బొమ్మ ఉందేమో చూడమనండి, ఆ బొమ్మ ఉంటేనే మంచులో పరీక్ష పెట్టి తేల్చిన టైరు. లేకపోతే వింటర్ టైర్లు నాలుగూ వేయించాలి, వెనక రెండే వేస్తే కారు ముందుకి బాగానే వెళ్తుంది, మలుపులో మాత్రం తిరగదు. గాలి కూడా చూసుకోవాలి, టెంపరేచర్ ఐదున్నర డిగ్రీలు పడితే టైర్లో సుమారు ఒక పాయింటు గాలి తగ్గుతుంది, అక్టోబర్లో కొట్టించిన గాలి జనవరికి చాలదు.

ఇక ఉప్పు. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వణుకు ఇవాళ తెలుస్తుంది, ఉప్పు చేసే నష్టం రెండు మూడేళ్లకి గానీ బయటపడదు. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ లోపల చూసే ఉంటారు, చేపలకి దిమ్మలు కొనేవాళ్లు మీరు. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్లు, అందులో మంచినీళ్లు పోసిన డబ్బాలు దింపుతారు, తొట్టి సున్నా కంటే బాగా చల్లగా ఉన్నా ఉప్పునీళ్లు గడ్డకట్టవు, డబ్బాలో మంచినీళ్లు దిమ్మ అయిపోతాయి. అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లేది ఇందుకే, ఉప్పు కలిసిన నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు కాబట్టి మంచు కరిగి రోడ్డు తేలుతుంది. డెట్రాయిట్ ఊరి కిందే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది తెలుసా అండి. బాగా చలి పడితే మామూలు ఉప్పు పని మందగిస్తుందని కాల్షియం క్లోరైడ్ కూడా కలుపుతారు. ఆ నీళ్లన్నీ కారు కిందకి ఎగిరి బ్రేక్ పైపులకి, బోల్టులకి, సస్పెన్షన్‌కి పడతాయి. ఐస్ ఫ్యాక్టరీలో ఆ ఇనప డబ్బాలు ఎలా తుప్పు పడతాయో, చేపల లారీల చాసీ వెనక భాగం ఎలా తినేస్తుందో మీరు రోజూ చూస్తున్నదే, మీ బాబు కారు కిందా అదే జరుగుతోంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచు కరగడానికి వెచ్చటి గ్యారేజీలో పెట్టమంటారు చాలామంది, కరుగుతుంది నిజమే, కానీ ఉప్పు పట్టిన కారు గడ్డకట్టే చలిలో కంటే వెచ్చగా తడిగా ఉన్న చోటే ఎక్కువ తుప్పు పడుతుంది. కడిగేసి ఆ తర్వాత గ్యారేజీలో పెట్టమనండి. చలికాలమంతా కనీసం పది పదిహేను రోజులకోసారి కింద భాగం కడిగించాలి, టెంపరేచర్ సున్నా దాటిన రోజు చూసుకుని.

అమ్మేయమనాలా అని అడిగారు. నేనైతే అమ్మమనను, ఇష్టపడి కొనుక్కున్నాడు. వణుకు, అలైన్‌మెంట్ తేలాక వింటర్ టైర్లు వేసుకుంటే నడుపుకుంటాడు, ఆరంగుళాల మంచు పడే రోజున మాత్రం ఫ్రెండు కారులో వెళ్లమనండి. కడిగించడం, స్కాన్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ వరుసగా చేయించాక కూడా ఏదన్నా మిగిలితే రిపోర్టు కాగితాల ఫోటోలు పంపండి, వచ్చే నెల ఇక్కడే చూసి చెప్తాను.

ప్రశ్న: మాది అంతర్వేది, ఇల్లు సముద్రానికి దగ్గరే. మంచు లేదు ఏం లేదు, అయినా నాలుగేళ్లకే కారు డోర్ల కింద తుప్పు. ఏం చేయాలి?

జవాబు: గాల్లో ఉప్పే అండి. వారానికోసారి కింద కడగండి కానీ ఏ నీళ్లతో కడుగుతున్నారో చూసుకోండి, తీరంలో చాలా బోర్లు ఉప్పు బోర్లు, వాటితో కడిగితే ఉన్నదానికి ఇంకాస్త కలిపినట్టే. కాలవ నీళ్లో కుళాయి నీళ్లో వాడండి, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ముందే డ్రమ్ములో పట్టుకోండి. డోర్ల అడుగున చిన్న కన్నాలు ఉంటాయి, ఇసక పడి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి అక్కడే తుప్పు మొదలవుతుంది, సన్నటి పుల్లతో తెరవండి. తడి కారు మీద కవరు కప్పకండి.

ప్రశ్న: తణుకు నుంచి రాస్తున్నానండి. మా తమ్ముడు ఎమ్మెస్‌కి జనవరిలో చికాగో వెళ్తున్నాడు, వెళ్లగానే స్పోర్ట్స్ కారు కొంటానంటున్నాడు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే మంచులో ఫర్వాలేదంట కదా?

జవాబు: ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుందమ్మా, ఆగడానికి చేయదు. ఆపేది టైర్లే. మొదటి చలికాలం ముందు చక్రాలు లాగే మామూలు కారు, దానికి నాలుగు వింటర్ టైర్లు, ఇదే నా సలహా, మంచులో నడపటం వచ్చాక స్పోర్ట్స్ కారు గురించి ఆలోచించుకోవచ్చు. డిక్కీలో పార, ఇసక సంచి, దుప్పటి, జంపర్ కేబుళ్లు పెట్టుకోమను.

ఒక్క విషయం మాత్రం తప్పకుండా చెప్పు. మంచులో కారు ఇరుక్కుపోతే చలికి ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని లోపల కూర్చుంటారు, అప్పుడు వెనక సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ లోపలికి వస్తుంది, అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రొచ్చినట్టు అనిపించి ప్రాణం పోతుంది. ఇంజన్ వేసే ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసేయాలి, మంచు పడుతూనే ఉంటే మళ్లీ మళ్లీ దిగి తీయాలి, గంటకి పది నిమిషాలు మాత్రమే ఇంజన్ వేసుకుని గాలి వీచే వైపు కాకుండా రెండో వైపు అద్దం కొంచెం దించి ఉంచుకోవాలి. ఇది వాడు విమానం ఎక్కేలోపే చెప్పు.